ఒకే బస్సు, రెండు గుండెలు
(అనంతపురంలో బస్సు డ్రైవర్లు, కండక్టర్ల ఆరోగ్య శిబిరంలో ఒక వైద్యుడి ప్రసంగ పాఠం)

అన్నలకు, తమ్ముళ్ళకు నమస్కారం.

డ్యూటీ దిగి వచ్చినవాళ్ళున్నారు, ఎక్కబోయేవాళ్ళున్నారు. నేరుగా విషయానికొస్తాను.

లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు బస్సు సిబ్బంది గుండె జబ్బుల లెక్క తీసి 1953లో ప్రకటించాడు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు షిఫ్టంతా సీట్లోనే ఉండేవాడు. కండక్టరు టికెట్ల కోసం రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కేవాడు. బస్సు ఒకటే, రోడ్డు ఒకటే. గుండె జబ్బు మాత్రం కండక్టర్లకు తక్కువ, హఠాత్తుగా చనిపోవడం ఇంకా తక్కువ. డ్రైవర్లకు ముందునుంచే పొట్ట ఉందేమోనని ఆయన యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు కూడా చూశాడు. నిజంగానే వాళ్ళ నడుము పెద్దది. కానీ సన్నటి డ్రైవర్లను సన్నటి కండక్టర్లతో పోల్చినా తేడా పోలేదు! "నేను బక్కగానే ఉన్నా కదా సార్" అనే తమ్ముళ్ళు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

మన కండక్టర్లకు ఎక్కడానికి ఆ మెట్లు లేవు. కొన్ని సర్వీసుల్లో టికెట్ మిషను కూడా డ్రైవరు చేతికే వచ్చింది. కాబట్టి నడక మనమే వెతుక్కోవాలి.

నడిచేటప్పుడు కాలి కండరాలు రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. సంగటి తిన్నాక పది నిమిషాలు నడిస్తే షుగరు అంతగా ఎగరదు. బీపీ కూడా మెల్లగా దిగుతుంది. ఇంకో విషయం, గది తలుపు మూశాక మాత్రమే నన్ను అడిగేది: మగతనం తగ్గడం. అక్కడి రక్తనాళాలు సన్నవి, అందుకే చాలామందిలో గుండె కన్నా ముందే అవి దెబ్బతింటాయి. సిగ్గుపడి దాచకండి, గుళికల ప్రకటనల వెంట పడకండి. గుండె పరీక్ష చేయించుకోండి, నడక మొదలుపెట్టండి.

ఎంత నడవాలి? వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం చాలు. వారంలో రెండు రోజులు బస్కీలు, దండీలు తీయండి. మన ఎండలు తెలుసు కదా, మే నెలలో పొద్దెక్కాక వద్దు. కదిరిలోనో, కళ్యాణదుర్గంలోనో బండి ఆగిన పది నిమిషాలూ బస్టాండు ఆ చివరికీ ఈ చివరికీ తిరగండి. అదీ లెక్కలోకే వస్తుంది.

మా నాన్న కూడా డ్రైవరే. "పగలంతా కష్టపడి వచ్చినా, ఇంకా నడవాల్నా?" అనేవాడు. ఆ అలసట నిజమే, కానీ అది నడుముది, కళ్ళది. గుండెకు పని పడలేదు. ఒక రాత్రి ఛాతీలో నొప్పి వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నాడు. తెల్లారేసరికి మాకు లేడు. నొప్పి చేతికో, దవడకో పాకినా, చెమటలు పట్టినా సోడా కోసం చూడొద్దు. 108కి ఫోన్ చేయండి.

బయట టేబుల్ దగ్గర బీపీ, నడుము కొలత చూస్తున్నారు. నడుము 90 సెంటీమీటర్లు దాటినవాళ్ళు నాతో మాట్లాడకుండా వెళ్ళొద్దు. నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను.