తెర మీద రామ్లీ, తెర వెనుక మనవాళ్లు

సభకు నమస్కారం.

మలేసియా అనగానే ఇక్కడివాళ్లకి జంట గోపురాలు, బటు కేవ్స్ దగ్గర నిలువెత్తు మురుగన్ విగ్రహం, గెంటింగ్ కొండ గుర్తొస్తాయి. టూర్లలో చూపించేవి అవే కాబట్టి తప్పు పట్టను. నేను మాత్రం ఈ సాయంత్రం ఆ గోపురాలు లేవకముందటి దేశం గురించి మాట్లాడతాను. నలుపూ తెలుపూ సినిమాల దేశం. అందులోనూ ఎక్కువగా ఒక్క మనిషి గురించి, ఆయన చుట్టూ పనిచేసినవాళ్ల గురించి.

మాది దిగువ పేరాక్. బగాన్ దాతో వైపు కొబ్బరి తోటలు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి కూలీలను కుదిర్చే కంగాణీ వెంట ఓడెక్కి వెళ్లినవాడు. నేను అక్కడే పుట్టి, తోట లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, పెరిగాను. ఇంట్లో తెలుగు, పక్క లైన్లో తమిళం, దుకాణంలో మలయ్, బడిలో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య పెరిగిన మా అందరికీ ఉమ్మడిగా ఒక హీరో ఉండేవాడు. ఆయన పేరు పి. రామ్లీ.

మీకు ఆయన పేరు కొత్త కావచ్చు. మా దేశంలో మాత్రం నలభై దాటిన ఏ మనిషినైనా పట్టుకోండి. మలయ్ కానీ, చైనీస్ కానీ, మనవాళ్లు కానీ, రామ్లీ సినిమాలో మాట సగం మీరంటే మిగతా సగం వాళ్లే పూర్తి చేస్తారు. 1962లో వచ్చిన ‘ఇబు మెర్తువాకు’లో ఒక డబ్బున్న అత్తగారు ఉంటుంది. కూతురు ప్రేమించిన కాసిం సలామత్ లాయరా, మేజిస్ట్రేటా అని అడుగుతుంది. సంగీతకారుడని తెలియగానే మండిపడుతుంది. ఆ సినిమా వచ్చినప్పుడు పుట్టనివాళ్లు కూడా ఈ రోజు పెళ్లిచూపుల్లో ఆ అత్తగారి గొంతు పెట్టి అబ్బాయిని ఏడిపిస్తారు. సంగీతం వాయించేవాడికి పిల్లనివ్వకపోవడం మనకీ తెలిసిన కథే కదా.

రామ్లీ 1929 మార్చి 22న పెనాంగ్‌లో పుట్టాడు. అసలు పేరు తెయుకు జకారియా. తండ్రి సుమత్రాలోని అచే నుంచి వచ్చినవాడు. రామ్లీ యుద్ధకాలంలో జపాన్ వాళ్ల బడిలో చదివాడు. యుద్ధం అయిపోయాక పాటల పోటీలు, వాద్య బృందాలు. 1948లో బుకిత్ మెర్తాజంలో పాడుతుండగా ఒక సినిమా దర్శకుడు విన్నాడు. సింగపూర్ రమ్మన్నాడు. ఆ దర్శకుడి పేరు బి. ఎస్. రాజ్‌హన్స్. భారతదేశం నుంచి వచ్చినవాడు.

ఈ పేరు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది.

సింగపూర్‌లో జాలన్ అంపాస్ అనే చిన్న వీధిలో, 8వ నంబరు ఆవరణలో, షా సోదరుల మలయ్ ఫిల్మ్ ప్రొడక్షన్స్ స్టూడియో ఉండేది. డబ్బు చైనీస్ యజమానులది. నటులు మలయ్‌లు, చాలామంది బంగ్సావాన్ నాటక సమాజాల నుంచి వచ్చినవాళ్లు. దర్శకులు మొదటి పదేళ్లూ ఎక్కువగా భారతదేశం వాళ్లు. రాజ్‌హన్స్, ఎస్. రామనాథన్, బి. ఎన్. రావు, కలకత్తా న్యూ థియేటర్స్‌లో పేరు తెచ్చుకుని వచ్చిన ఫణి మజుందార్, మద్రాసులో పుట్టి, అప్పట్లో మలయా అనే మా దేశంలో పెరిగిన ఎల్. కృష్ణన్. వీళ్లలో చాలామందికి మొదట్లో మలయ్ సరిగా రాదు. స్క్రిప్టు ఇంగ్లీషులో రాసుకుంటే సహాయ దర్శకులు దాన్ని మలయ్‌లోకి మార్చేవాళ్లు. తర్వాత తనే పెద్ద దర్శకుడైన జమీల్ సులోంగ్ అలా మొదలైనవాడే. ఇప్పుడు ఆ సినిమాలు చూడండి. హీరోయిన్ చెట్టు కొమ్మ పట్టుకుని పాడటం, కష్టం రాగానే తల్లి దేవుణ్ణి పిలవడం, పేదవాడికీ ధనవంతుల అమ్మాయికీ మధ్య ఎత్తయిన గేటు. భాష మలయ్. నడక మద్రాసు, బొంబాయి, కలకత్తాలది.

మొదటి సినిమా ‘చింతా’లో రామ్లీది విలన్ వేషం. హీరోకి మాత్రం తెర వెనుక నుంచి గొంతు ఇచ్చాడు. అంటే తను కొట్టే హీరో తన గొంతుతోనే పాడతాడన్నమాట. అతణ్ణి హీరోని చేసింది కృష్ణన్, 1950లో ‘బక్తి’ సినిమాతో. ముఖం హీరోకి పనికిరాదని స్టూడియోలో గొణుగుడు ఉన్నా కృష్ణన్ పట్టుబట్టాడని మా దగ్గర పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు. 1955లో రామ్లీయే దర్శకుడయ్యాడు. ‘పెనారెక్ బేచా’, రిక్షా తొక్కేవాడి కథ. ఆ తర్వాతి పదేళ్లలో నటన, దర్శకత్వం, రచన, పాట, స్వరం అన్నీ ఒక్క మనిషే. 1957 టోక్యో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడు. ఆ బహుమతి తెచ్చిన ‘అనాకు సజాలి’కి దర్శకుడు మళ్లీ మన ఫణి మజుందారే. అందులో తండ్రీ కొడుకూ రెండు వేషాలూ రామ్లీవే.

బంగ్సావాన్ అన్నాను. దాని పుట్టుక కూడా మీకు నచ్చుతుంది. 19వ శతాబ్దంలో పార్శీ నాటక సమాజాలు బొంబాయి నుంచి ఓడల మీద పెనాంగ్ వచ్చి హిందుస్తానీలో ఆడేవి. జనం భాష అర్థం కాకపోయినా తెరలు, వేషాలు, పాటలు చూసి మురిసిపోయారు. మామక్ పుషీ అనే పెనాంగ్ మనిషి అదే పద్ధతిలో మలయ్‌లో ఒక సమాజం పెట్టాడు, 1885లో. సరిగ్గా అదే ఏడాది కడప జిల్లాలో మన సురభి మొదటి నాటకం ఆడింది. పార్శీ నాటకం గాలి మన తెలుగు రంగస్థలానికీ తగిలిందని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒకే గాలి బంగాళాఖాతానికి రెండు ఒడ్డుల మీదా రెండు డేరాలు లేపింది. మా తోటలో సినిమా చూస్తూ మా నాయనమ్మ “ఇది మన ఊరి నాటకంలా ఉందే” అనేది. ఆమెకి చరిత్ర తెలియదు. కానీ ఆమె చెప్పింది నిజం.

ఇప్పుడు మా తోటలో సినిమా ఎలా ఉండేదో చెప్తాను. కొబ్బరి బట్టీ పక్కన ఖాళీ స్థలం. పగలంతా అక్కడ ఆడవాళ్లు కాయలు చీల్చి చిప్పలు ఆరబోసేవాళ్లు. బట్టీ పొగ, మురిగిన కొబ్బరినీళ్ల వాసన సాయంత్రానికి కూడా పోయేది కాదు. రెండు వెదురు గెడలకు తెల్లగుడ్డ కట్టేవాళ్లు. వ్యాన్ దూరంగా ఆపి జనరేటర్ తిప్పేవాళ్లు. దొర గారికి, కిరాణీలకు, అంటే గుమాస్తాలకు, కుర్చీలు. మాకు చాపలు, గోనెసంచులు. ఆలస్యంగా వచ్చినవాళ్లు గుడ్డకి అవతలివైపు కూర్చునేవాళ్లు. వాళ్లకి హీరో ఎడమచేత్తో కొట్టేవాడు, అక్షరాలన్నీ తిరగబడి వచ్చేవి. చాలామందికి చదువు రాదు కాబట్టి అక్షరాలతో పేచీ లేదు. ప్రొజెక్టర్ వెలుగులోకి పురుగులు గుంపులుగా వచ్చి హీరోయిన్ ముఖం మీద నీడలు వేసేవి. రీలు మార్చేలోపు అమ్మలు పిల్లలకి అన్నం కలిపి పెట్టేవాళ్లు.

ఆ వ్యాన్లు మొదట వచ్చింది వినోదం కోసం కాదు. 1948 నుంచి 1960 దాకా మా దేశంలో ఎమర్జెన్సీ. అడవుల్లో కమ్యూనిస్టు గెరిల్లాలు, తోటల చుట్టూ ముళ్లకంచె, రాత్రి కర్ఫ్యూ. సర్కారు సమాచార శాఖ వ్యాన్లు ప్రచార చిత్రాలు చూపించడానికి ఊరూరా తిరిగేవి. తర్వాత తోట యాజమాన్యాలు జీతం రోజుల్లో కాంట్రాక్టర్లని పిలిచి సినిమాలు వేయించడం మొదలుపెట్టాయి. ఒక నెల తమిళం, ఒక నెల మలయ్, ఎప్పుడైనా ఒక తెలుగు సినిమా. తెలుగు సినిమా అంటే మా లైన్లలో పండగే. కానీ నిజం చెప్పాలంటే, పిల్లలం మేము ఎక్కువ నవ్వింది ‘బుజాంగ్ లాపోక్’ సినిమాలకి. అద్దెగదుల్లో కాపురం పెట్టిన ముగ్గురు ముదురు బ్రహ్మచారులు, చేతిలో చిల్లిగవ్వ ఉండదు. రామ్లీ, ఎస్. షంసుద్దీన్, అజీజ్ సత్తార్. మా నాన్న జీతం కూడా నెలాఖరుకి అలాగే ఉండేది కాబట్టి ఆ ముగ్గురూ మా ఇంటివాళ్లే అనిపించేవాళ్లు. 1961లో వచ్చిన భాగంలో ఆ ముగ్గురూ వేషాల కోసం సినిమా స్టూడియోకి వెళ్తారు. అది జాలన్ అంపాస్ స్టూడియోనే. ఆ గేటు, ఆ ఫ్లోరు, అక్కడి పని అంతా తెర మీద ఉంది. మలయ్ సినిమా స్వర్ణయుగం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే దాన్ని మించిన సాక్ష్యం లేదని నా నమ్మకం.

స్వర్ణయుగం అన్నానని అంతా బంగారమే అనుకోకండి. 1957లో అదే స్టూడియోలో నటులు, పనివాళ్లు జీతాల కోసం సమ్మె చేశారు. ఆ ఏడాదే ఆగస్టు 31న మా మొదటి ప్రధాని తుంకు అబ్దుల్ రహమాన్ మెర్దెకా స్టేడియంలో నిలబడి స్వాతంత్ర్యం అని ఏడుసార్లు అరిచాడు. 1963లో మలేసియా ఏర్పడింది. 1965లో సింగపూర్ విడిపోయింది. రామ్లీ అప్పటికే, 1964లో, కౌలాలంపూర్ మెర్దెకా స్టూడియోకి వచ్చేశాడు. సొంతగడ్డకి వచ్చాడని జనం సంతోషించారు కానీ ఆయనకి కలిసిరాలేదు. అక్కడ పాత పరికరాలు, చేతులు తిరిగిన పనివాళ్ల కొరత. 1963 డిసెంబరులో టెలివిజన్ వచ్చింది. రంగుల సినిమాలు హాంకాంగ్ నుంచి, బొంబాయి నుంచి, ఇండోనేషియా నుంచి వచ్చి పడుతుంటే ఈయన ఇంకా నలుపు తెలుపులో తీస్తున్నాడు. జనం హాళ్లకి రావడం మానేశారు. 1972లో చివరి సినిమా. 1973 మే 29న గుండెపోటుతో పోయాడు. 44 ఏళ్లు. చేతిలో డబ్బు లేదు.

ఆయన బతికుండగా ఏ టెలివిజన్ ఆయన హాళ్లని ఖాళీ చేసిందో, పోయాక అదే ఆయన్ని ప్రతి ఇంటికీ తెచ్చింది. రంజాన్ పండగ హరిరాయకి, స్వాతంత్ర్య దినానికి, వానాకాలం సెలవులకి, వేరే ఏమీ వేయడానికి లేకపోతే కూడా, రామ్లీ సినిమానే. మా పిల్లలు మలయ్ యాసలు నేర్చుకున్నది అక్కడే. 1990లో ప్రభుత్వం తాన్ శ్రీ బిరుదు ఇచ్చింది. చనిపోయిన పదిహేడేళ్లకి. ఇది తలుచుకున్నప్పుడు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రామ్లీ తర్వాత కూడా ఈ కలబోత ఆగలేదు. పెనాంగ్‌లో డేవిడ్ ఆర్ముగం, లోగనాథన్ అనే అన్నదమ్ములు గుబురు జుట్టు పెంచుకుని ఆలీక్యాట్స్ అనే బ్యాండు నడిపారు. తమిళ ఇంటి కుర్రాళ్లు మలయ్‌లో పాడితే దేశమంతా కంఠతా పట్టింది. లోగనాథన్ 2007లో పోయినప్పుడు అన్ని భాషల వాళ్లూ ఏడ్చారు. సుదిర్మాన్ అనే గాయకుడు 1986 ఏప్రిల్‌లో కౌలాలంపూర్ చౌకిట్ రోడ్డు మధ్య నిలబడి పాడితే లక్ష మంది వచ్చారు. ఫుట్‌బాల్ సంగతి చెప్పకపోతే మావాళ్లు ఊరుకోరు. 1980లో ఒలింపిక్స్ అర్హత కోసం దక్షిణ కొరియాను 2–1తో ఓడించిన జట్టులో గోల్‌కీపర్ ఆర్ముగం, వెనుక సంతోఖ్ సింగ్, సో చిన్ ఆన్, గెలుపు గోలు కొట్టింది సబా రాష్ట్రం నుంచి వచ్చిన జేమ్స్ వాంగ్. తీరా గెలిచాక, సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి దిగిన గొడవతో మా దేశం మాస్కో ఒలింపిక్స్‌కి వెళ్లనే లేదు.

ఇవన్నీ వింటే ఆ రోజుల్లో అందరం అన్నదమ్ముల్లా ఉన్నామనిపిస్తుంది. మా తరం వాళ్లు టీ కొట్టు దగ్గర కూర్చుని అలాగే మాట్లాడతారు కూడా. నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోను. 1969 మే 13న కౌలాలంపూర్‌లో మలయ్‌లకీ చైనీస్‌కీ మధ్య చెలరేగిన అల్లర్లు మేము మరిచిపోలేదు. తోటలో దొర కుర్చీలో, మేము గోనె మీద. కొబ్బరి, రబ్బరు కొట్టేసి పామాయిల్ వేసినప్పుడు, తర్వాత తోటలు ఇళ్లస్థలాలైనప్పుడు, తరాలుగా బతికిన లైన్లు ఖాళీ చేసి పట్నాల అంచులకి పోయింది ఎక్కువగా మనవాళ్లే. కాబట్టి కలిసి బతికాం అనే మాట నేను తొందరపడి అనను. కలిసి పని చేశాం అంటాను. ఆ పనిలోంచి పుట్టినవి ఇంకా ఉన్నాయి. చైనీస్ యజమాని డబ్బు, బెంగాలీ దర్శకుడి ఎత్తుగడ, మలయ్ నటుడి గొంతు కలిస్తే ఒక సినిమా అయింది. అందులో ఏ ఒక్కటి తీసేసినా రామ్లీ లేడు. ఈ మధ్య కొందరు వారసత్వాన్ని పంచుకోవడానికి కూర్చుని, ఇది మాది, అది మీది అని గీతలు గీస్తున్నారు. జాలన్ అంపాస్ మధ్య గీత ఎక్కడ గీస్తారో నాకు చూపించమనండి.

మన తెలుగువాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1955లోనే మలయాలో ఆంధ్ర సంఘం పెట్టుకున్నాం. ఇప్పుడది మలేసియా తెలుగు సంఘం. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. ఇక్కడినుంచి మహామహులు వచ్చారు. మా పలుకు విని, ఇంత పాత తెలుగు ఎలా నిలబెట్టుకున్నారని మెచ్చుకున్నారు, పద్యాలు పాడించుకున్నారు. చాలా ప్రేమగా మాట్లాడారు. కానీ అక్కడ మేము ఏం తిన్నాం, ఏ సినిమా చూసి నవ్వాం, ఎవరి పాట పాడుకుంటూ కొబ్బరి చీల్చాం అని మాత్రం ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు. తెలుగు నిలబెట్టుకున్న సంగతి మాత్రమే చెప్పుకోదగ్గదని మేమే అనుకున్నాం. రామ్లీ పాట మలయ్ పాట కాబట్టి అది మన చరిత్రలోకి రాదనుకున్నాం. మా నాయనమ్మ మాత్రం ఆ పాటల వరసలకి తెలుగు మాటలు కట్టి పిల్లల్ని నిద్రపుచ్చేది. ఆ మాటలు ఎవరూ రాసి పెట్టలేదు. నాకు రెండు చరణాలు వచ్చు, అంతే.

అందుకే ఈ వయసులో తిరుగుతున్నాను. ఇక్కడినుంచి, కాకినాడ నుంచి, మద్రాసు నుంచి ఓడలెక్కి పోయినవాళ్లు ఇళ్లకి ఉత్తరాలు రాశారు. చదువు రానివాళ్లు కిరాణీల చేత రాయించారు. జీతం ఎంత, బియ్యం ఎంత అనేవే కాదు, ఆ ఉత్తరాల్లో సినిమా వ్యాన్ వచ్చిన సంగతి, పట్నంలో తాగిన కాఫీ సంగతి కూడా ఉంటాయి. చైనీస్ కాఫీకొట్టులో గుడ్డసంచిలో వడగట్టిన నల్లటి కాఫీని ఖాళీ పాలడబ్బాలో పోసి, దారం కట్టి చేతికిచ్చేవాడు. అది పట్టుకుని బస్సెక్కి తోటకి రావడం మా నాన్నకి జీతం రోజు భోగం. అలాంటి ఉత్తరం ఒకటి మా బంధువుల ఇంట్లో, ఇక్కడికి దగ్గరలోనే, దేవుడి అరలో దొరికింది.

మీ ఇళ్లలో పాత ట్రంకు పెట్టెల్లో పెనాంగ్, తైపింగ్, తెలుక్ ఆన్సన్, క్లాంగ్ ముద్రలున్న కార్డులుంటే దయచేసి పారేయకండి. నాకు ఇచ్చేయమని అడగను, ఫొటో తీసుకుంటాను, మీ ముందే చదివిపెడతాను. ఆదివారం దాకా ఈ ఊళ్లోనే ఉంటాను. నిర్వాహకుల దగ్గర నా నంబరు ఉంది. ఆ రెండు చరణాలు వినాలనుకునేవాళ్లు సభ అయ్యాక ముందుకి రండి, పాడతాను.