పిన్ని బిల్లులో రెండో మనిషి

శ్రోతలకు నమస్కారం.

మా పిన్ని హైదరాబాద్ శివార్లలో పెద్దవాళ్ళ కోసమే కట్టిన ఒక కాలనీలో ఉంటుంది. వృద్ధాశ్రమం అంటే ఆవిడకు కోపం. కొనుక్కున్న ఫ్లాటు. మెస్సు, క్లబ్ హౌసు, నర్సు, గుడికీ బ్యాంకుకీ తీసుకెళ్ళే వ్యాను అన్నీ ఉన్నాయి. బాబాయి పోయి ఏడాదిన్నర అయింది. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు ఒక కాగితం నా ముందు పెట్టి, "ఇదేంటో కాస్త చూడరా, నాకు అర్థం కావడం లేదు" అంది. అర్థం కాకేం! పాలవాడి లెక్క దగ్గర్నుంచి బాబాయి ఇన్‌కమ్ టాక్స్ దాకా జీవితమంతా చూసింది ఆవిడే.

అది నెలవారీ మెయింటెనెన్స్ బిల్లు. భోజనం పద్దులో ఒక మనిషికే వేశారు. నీళ్ళు, క్లబ్ హౌసు, వ్యాను, యోగా హాలు మాత్రం బాబాయి ఉన్నప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే. ఆ వరుసల పక్కన పెన్సిల్‌తో సున్నాలు చుట్టి ఉన్నాయి. బిల్లు పైన ఇప్పటికీ బాబాయి పేరే.

"క్యారమ్స్ ఆడింది ఆయన. నేను ఆ గడపే తొక్కలేదు. ఇప్పుడు ఆయన ఆటకు కూడా నేనే కడుతున్నానన్నమాట" అంది.

ఈ మాటకు ఆఫీసులో ఒక జవాబు ఉంటుంది. ఇంట్లో ఒకరు తగ్గారని వాచ్‌మన్ జీతం తగ్గదు కదా, లిఫ్టు మరమ్మతు తగ్గదు కదా అంటారు. నిజమే. జనరేటర్ డీజిల్‌కు ఆ ఫ్లాటులో ఎంతమంది ఉన్నారో తెలీదు. మన అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల మెయింటెనెన్స్ చదరపు అడుగుకు ఇంత అని వేస్తారు, లేదా ఫ్లాటుకు ఇంత అని. రెండింటిలోనూ మనుషుల లెక్క లేదు. మామూలు అపార్ట్‌మెంటులో అది పెద్దగా పట్టదు. ఒక ఇంట్లో ఇద్దరు, ఇంకో ఇంట్లో ఆరుగురు, పిల్లలు వస్తుంటారు, పోతుంటారు. పెద్దవాళ్ళ కాలనీలో అలా కాదు. అక్కడ ఇంటికి ఉండేది ఇద్దరు, లేదా ఒకరు. ఆ ఒకరు కూడా చాలావరకు ఆడవాళ్ళే. మగవాళ్ళు తమకంటే చిన్నవాళ్ళను చేసుకుంటారు, పైగా ఆడవాళ్ళ ఆయుష్షు ఎక్కువ.

దీనికి తోడు ఆదాయం సంగతి ఉంది. బాబాయి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైర్ అయ్యారు. పాత పద్ధతిలో చివరి జీతంలో సగం పెన్షన్. ఆయన పోయాక భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ ఆ జీతంలో 30 శాతం. కొన్నాళ్ళు ఎక్కువ ఇచ్చే వెసులుబాటు ఉంది గానీ, అది ఆయన బతికి ఉంటే 67 ఏళ్ళు నిండే రోజు దాటి సాగదు. బాబాయి పోయింది 78 ఏళ్ళ వయసులో. అంటే ఐదు రూపాయలు వచ్చే ఇంటికి మర్నాటి నుంచి మూడు రూపాయలు. బిల్లులో మాత్రం తగ్గింది ఒక్క భోజనం.

ఒక్కరికి ఖర్చెక్కువ అన్నది మనకు కొత్తేం కాదు. ఐఆర్‌సీటీసీ యాత్రల ప్యాకేజీలు చూడండి. ముగ్గురు ఒక గదిలో ఉంటే మనిషికి ఒక రేటు, ఇద్దరుంటే ఒక రేటు, ఒక్కరే ఉంటే అన్నిటికన్నా ఎక్కువ. గది అద్దె ఒక్కటే కాబట్టి అది సరే. యాత్ర ఎలాగూ పది రోజుల్లో అయిపోతుంది. పిన్నికి ఇది మిగిలిన జీవితమంతా కట్టాల్సిన బిల్లు.

బ్రిటన్‌లో కౌన్సిల్ టాక్స్ అని మన ఇంటిపన్నులాంటిది ఒకటి ఉంది. 1993లో వచ్చింది. ఇంట్లో పిల్లల్ని లెక్కవేయకుండా వయోజనులు ఒక్కరే ఉంటే అందులో 25 శాతం తగ్గిస్తారు. సగం ఎందుకు తగ్గించరు, 25 ఎక్కడి నుంచి వచ్చింది? పన్నులో సగం ఇంటికి, సగం మనుషులకు అనుకున్నారు. మనుషుల సగం ఇద్దరి కోసం వేసింది. ఒకరే ఉంటే ఆ సగంలో సగం పోతుంది. మొత్తం మీద పావు వంతు. నాకు ఈ లెక్క భలే నచ్చింది. గోడలకూ మనుషులకూ విడివిడిగా ధర కట్టారు.

పిన్ని చెప్పేదీ అదే. వాచ్‌మన్, లిఫ్టు, పెయింటింగ్, వీధి దీపాలు ఫ్లాటు లెక్కన వేయండి, కిమ్మనకుండా కడతాను. నీళ్ళు, వ్యాను, క్లబ్బు తల లెక్కన వేయండి అంటుంది.

మహారాష్ట్రలో హౌసింగ్ సొసైటీల మోడల్ బైలాస్‌లో, అంటే నమూనా నియమావళిలో, ఇలా పద్దు పద్దుకూ విడివిడిగా రాశారు. లిఫ్టు ఖర్చు ఆ బిల్డింగులో అందరికీ సమానం. నీటి ఖర్చు ఎవరింట్లో ఎన్ని కుళాయిలున్నాయి, వాటి సైజెంత అన్న దాన్ని బట్టి. కుళాయిలు నీళ్ళు తాగవు, మనుషులు తాగుతారు, అది వేరే సంగతి. అయినా ఒక్కో ఖర్చూ ఎక్కడ పుడుతోందో విడిగా చూడాలన్న ఆలోచన అందులో ఉంది. అమెరికాలో పెద్దవాళ్ళ కాలనీలు రెండు రకాలుగా నడుస్తాయి. ఫ్లోరిడాలో ద విలేజెస్ లాంటి చోట సదుపాయాలకు కట్టే ఎమినిటీ ఫీజు ఇంటికి ఇంత. జీవితాంతం చూసుకుంటామని చేర్చుకునే కమ్యూనిటీల్లో అయితే ఒక మనిషికి రేటు పెట్టి, రెండో మనిషి ఉంటే అదనంగా కొంత కలుపుతారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడి నుంచి బ్రోషర్లు చూసి ఇక్కడ అమ్మానాన్నలకు ఫ్లాటు బుక్ చేస్తున్నప్పుడు, ఇంటి లెక్కా మనిషి లెక్కా అన్న ఈ ఒక్క ప్రశ్న అడిగితే బాగుండును. 2019లో కేంద్ర గృహ నిర్మాణ శాఖ ఇచ్చిన రిటైర్మెంట్ హోమ్స్ మోడల్ గైడ్‌లైన్స్‌లో బిల్డరు, సేవలందించే సంస్థ, కొనేవాళ్ళు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకునే మాట ఉంది. ఇద్దరిలో ఒకరు మిగిలితే ఏ పద్దు ఎంత తగ్గుతుందో ఆ కాగితం మీదే రాయించుకోవాలి. భార్యాభర్తలిద్దరూ పక్కపక్కనే కూర్చుని సంతకాలు పెట్టేటప్పుడు అడగడం కష్టమే. అశుభం మాట్లాడకండి అంటారు.

పిన్ని వాదన అంతా ఒప్పుకోవాలని కాదు. ఆవిడ బాత్రూములో ఎర్ర తాడు ఒకటి వేలాడుతుంటుంది. పడితే లాగాలి, నర్సు పరిగెత్తుకొస్తుంది. బాబాయి ఉన్నప్పుడు ఆ తాడు ఒక్కసారి కూడా లాగలేదు. ఆయన్నే కేకేసేది. ఈ ఏడాదిన్నరలో మూడుసార్లు లాగింది. ఒంటరి మనిషికి నర్సు అవసరం ఎక్కువ. మరి ఆ పద్దు ఆవిడకు పెంచాలా? నేనైతే వద్దంటాను. తాడు ప్రతి బాత్రూములోనూ ఉంది. రేపు లాగాల్సింది ఎవరో ఎవరికీ తెలీదు. అది ఫ్లాటు లెక్కలోనే ఉండనివ్వాలి.

ఇంకో చిక్కు ఓటు. ఫ్లాటుకు ఒక ఓటు. తల లెక్కన డబ్బులు కట్టమంటే, తలకో ఓటు ఇవ్వమని జంటలు అడుగుతాయి. అడిగితే తప్పేమీ లేదు. అప్పుడు ఒంటరివాళ్ళు ఏ మీటింగులోనూ గెలవలేరు. ఇది పిన్నికి చెబితే కాసేపు ఆలోచించి, "పోనీ, ఓటు జోలికెళ్ళకుండా వ్యాను, నీళ్ళ దాకా అడుగుదాం" అంది.

ఇద్దరం కలిసి ఒక ఉత్తరం రాశాం. మొదటి కోరిక బిల్లు మీద పేరు మార్చమని. రెండోది పద్దులు రెండుగా విడగొట్టమని. పేరు వారంలోనే మారింది. పద్దుల సంగతి జనరల్ బాడీ మీటింగులో పెడతామన్నారు. దానికి పిన్ని పక్క బ్లాకు నుంచి ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్తుందట.

మొన్న సాయంత్రం ఫోన్ చేస్తే ఎత్తలేదు. తర్వాత తనే చేసింది. క్లబ్ హౌసులో ఉందట, బాబాయి స్నేహితుడొకాయన స్ట్రైకర్ పట్టుకోవడం నేర్పిస్తున్నారట. "నీకు క్యారమ్స్ ఎందుకు పిన్నీ?" అన్నాను.

"మీటింగయ్యేదాకా డబ్బులు కడుతున్నాను కదరా" అంది.