మోటారు తినే కరెంటు ఎక్కడికి పోతోంది?

అందరికీ నమస్కారం. ఇక్కడ సగం మంది ఐటీఐ పిల్లలు, మిగిలినవాళ్లు నల్లగొండ చుట్టుపక్కల బోరు మోటార్లు వైండింగ్ చేసే అన్నలు, అందుకని ఫార్ములాలు పక్కన పెట్టేస్తున్నాను. టేబుల్ మీదున్నది ఎలక్ట్రిక్ స్కూటర్ వెనక చక్రం మోటారు. చార్జింగ్ ఆగట్లేదంటే మనం ముందు బ్యాటరీనే తిడతాం కదా, ఈ రోజు మోటారు సంగతి చూద్దాం.

ముందు రాగి, అంటే మోటారు లోపల చుట్టిన తీగల్లో, వైండింగ్‌లో పోయేది. వైండింగ్ రెసిస్టెన్స్‌ను చేతి మల్టీమీటరుతో కొలవకండి, దాని వైర్లకే అంత ఉంటుంది. మోటారు నుంచి బయటికొచ్చే మూడు ఫేజు వైర్లలో రెంటిలోంచి 5 ఆంపియర్ల డీసీ పంపి వోల్టేజీ చూడండి. 0.5 వోల్టులు వస్తే 0.1 ఓమ్. అందులో 20 ఆంపియర్లు పారితే 40 వాట్లు వేడికే పోతాయి. ఇద్దరిని ఎక్కించుకుని గుట్ట ఎక్కేటప్పుడు 40 ఆంపియర్లు లాగితే 80 కాదు, 160 వాట్లు! కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. పైగా మే నెలలో 40 డిగ్రీల దగ్గర కొలిచిన రెసిస్టెన్స్, వైండింగ్ 100 డిగ్రీలకు చేరేసరికి 22 శాతం దాకా పెరుగుతుంది.

అసలు తిప్పలు ఇనుముతోనే, అంటే తీగ చుట్టి ఉండే స్టేటర్ (తిరగని భాగం) రేకులతో. బోరు మోటారుకు సప్లై తీస్తే అయస్కాంతం పోతుంది. అందుకే లోడు లేకుండా నడిపి, వోల్టేజీ తగ్గించుకుంటూ పోతే ఇనుములో పోయేదెంత, బేరింగ్ రాపిడిలో పోయేదెంత అని విడదీయొచ్చు. ఈ చక్రం మోటారులో ఉన్నవి శాశ్వత అయస్కాంతాలు, వాటికి స్విచ్చే లేదు. బండిని ఊరికే తోసుకుంటూ పోయినా స్టేటర్ రేకులు కరెంటు తింటూనే ఉంటాయి, ఆ కరెంటు మీ కాళ్ల నుంచి వస్తుంది, అంతే తేడా.

అందుకే వైర్లు విడిగా వదిలేసి, వేరే మోటారుతో దీన్ని తిప్పుతూ, ఏ స్పీడులో ఎంత టార్క్ (తిప్పే బలం) పడుతోందో రాసుకుని గీత గీయాలి. బేరింగ్ రాపిడి, హిస్టెరిసిస్ (ఇనుములో అయస్కాంతం దిశ మారినప్పుడల్లా పోయేది) స్పీడు పెరిగినా దాదాపు అంతే లాగుతాయి. రేకుల్లో తిరిగే ఎడ్డీ కరెంట్లు మాత్రం స్పీడుతో పాటే పెరుగుతాయి, కాబట్టి గీత ఎంత ఏటవాలుగా లేస్తే అవి అంత ఎక్కువన్నమాట. మిగతా రెంటినీ విడదీయాలంటే అయస్కాంతాలు లేని డమ్మీ రోటరు (తిరిగే భాగం) పెట్టి మళ్లీ తిప్పాలి. మన షెడ్లలో అంత ఓపిక ఎవరికుంది, నేనూ ఒక్కసారే చేశాను.

ఈ చక్రం నా దగ్గరికొచ్చినప్పుడు రెండుసార్లు బేరింగులు మార్చాను, లాభం లేదు. మూడు ఫేజుల రెసిస్టెన్స్ ఒకేలా చూపించింది. మోటారుకు కరెంటిచ్చే కంట్రోలర్ ప్లగ్ పీకేసి చేత్తో తిప్పినా బురదలో తిరిగినట్టు బరువుగా ఆగిపోయింది. కవర్ విప్పితే, ఇదిగో, తీగ చుట్టిన స్టేటర్ పళ్లలో ఈ ఒక్క పన్ను మీదే వార్నిష్ మాడి నల్లబడింది. లోపల కొన్ని చుట్లు ఒకదానికొకటి అతుక్కుని, చక్రం తిరిగినప్పుడల్లా తమలో తామే కరెంటు తిప్పుకుంటున్నాయి. వెనక వరసలో తమ్ముడూ, నువ్వు రా. దీన్నీ, పక్కనున్న మంచిదాన్నీ ఓసారి తిప్పి చూడు.