బొమ్మకి కూర్చునే మనిషి: ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి ఒక కాల్

యాంకర్: హలో, చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ, రాజమండ్రి నుంచి. పేరు వద్దులెండి. మా నాన్నగారు చిత్రకారులు, 76 ఏళ్లు. అమ్మ లేదు. మూడేళ్లుగా ఒకావిడ బొమ్మకి కూర్చోడానికి, అంటే ఆయన చూసి వేసేందుకు మోడల్‌గా, వస్తోంది. ఇప్పుడు రంగులూ ఆవిడే కలుపుతోంది, బీపీ మాత్రలూ ఆవిడే ఇస్తోంది. పోయిన నెల నాన్నగారు రెండు బొమ్మలు ఆవిడకి ఇచ్చేశారు. అన్నయ్యేమో ‘నాన్నని బుట్టలో వేసుకుంది’ అంటున్నాడు. ఒకటే టెన్షనండీ.

సలహాదారు: ఆవిడకి రోజుకి ఎంత ఇస్తున్నారు?

శ్రోత: అదీ... ఎప్పుడూ అడగలేదండీ.

సలహాదారు: ముందు అది కనుక్కోండి. ఫ్రాన్స్‌లో మాతీస్ అని పెద్ద చిత్రకారుడు ఉండేవాడు. లిడియా అనే రష్యన్ అమ్మాయి 1932లో ఆయన దగ్గర పనికి కుదిరింది. 1935లో ‘పింక్ న్యూడ్’ అనే నగ్నచిత్రానికి కూర్చుంది. అప్పటికి ఆయనకి 65, ఆమెకి పాతికేళ్లు. ఆ ఒక్క బొమ్మనీ మార్చి మార్చి వేస్తూ, దశదశకీ ఫొటో తీయించాడు, మొత్తం 22. ఆ మార్పులన్నిటికీ ఆమె ఒళ్లే ఆధారం కదా! చివరికి భార్య ‘నేనో, ఆమో’ అంది. లిడియాని పంపేశారు, అయినా 1939లో భార్య వెళ్లిపోయింది. లిడియా తిరిగొచ్చి, 1954లో ఆయన పోయేదాకా స్టూడియో చూసుకుంది. తన దగ్గరున్న ఆయన బొమ్మల్ని రష్యా మ్యూజియాలకి ఇచ్చేసింది.

శ్రోత: అంటే మా ఇంట్లో ఏమీ లేదంటారా?

సలహాదారు: ఉందో లేదో నాకేం తెలుసమ్మా? నాన్నగారికి మతి స్థిమితంగా ఉంటే, తను వేసిన బొమ్మ ఎవరికిచ్చినా ఆయనిష్టం. ఇష్టపడి చేతికిస్తే చాలు, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. కాకపోతే బొమ్మ వెనకాల ఆవిడ పేరు, తేదీ రాసి సంతకం పెట్టమనండి. రేపు మీ అన్నయ్య దొంగతనం అనకుండా ఆవిడకి అదే రక్ష. కూర్చున్నందుకు కూలి వేరు, మందులూ మాకులూ చూసినందుకు జీతం వేరు. బొమ్మిచ్చి జీతం ఎగ్గొట్టకూడదు. ఎప్పుడైనా కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చుని చూశారా? కాలు తిమ్మిరెక్కిపోతుంది. లేచొచ్చాక పాదం మళ్లీ అక్కడే పెట్టాలని నేల మీద సుద్దముక్కతో గీత గీస్తారు.

శ్రోత: అయ్యో... ఆ గీతలు నేనే తుడిచేశానండీ. ఇల్లు పాడుచేస్తోందని మొన్న ఆవిణ్ణి నాలుగు మాటలన్నాను కూడా.

సలహాదారు: ఆవిడేమంది?

శ్రోత: ఏమీ అనలేదండీ. తడిగుడ్డ తెచ్చి మిగిలిన గీత తనే తుడిచింది.

యాంకర్: ...లైన్లో ఉండండమ్మా, చిన్న విరామం.