బోర్డు మీద చిల్లులున్నాయని కనెక్టర్ అతికించేయకండి

(కెమెరా నేరుగా బోర్డు మూల మీద)

నమస్తే అండీ. ఇదిగో, ఇక్కడ చూడండి. ఇది కంప్యూటర్ మదర్‌బోర్డు. హార్డ్ డిస్క్ తగిలించే సాటా పోర్టులు రెండున్నాయి. పక్కనే ఇంకో రెంటికి చోటుంది. ఏడేసి చిల్లులు, చుట్టూ తెల్ల గీత, పేరు కూడా అచ్చేసి ఉంది. కనెక్టర్ ఒక్కటే లేదు. ఇది చూడగానే చాలామంది మన విశాఖ డాబా గార్డెన్స్ వెళ్లి కనెక్టర్ తెచ్చి అతికించేస్తారు. హార్డ్ డిస్క్ కనపడదు. "సోల్డరింగ్ సరిగా పడలేదేమో" అని మళ్లీ మళ్లీ కాలుస్తారు, చివరికి ప్యాడ్, అంటే పిన్ను అతికే రాగి బిళ్ల, లేచిపోతుంది. బంగారంలాంటి బోర్డు అలా పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే చాలాసార్లు తప్పు సోల్డరింగ్‌ది కాదు.

మధురవాడ వైపు ఒక అపార్ట్‌మెంట్ ఉందనుకోండి. అన్ని ఫ్లాట్లకీ ఒకటే ప్లాన్. బాల్కనీ గోడలో కుళాయికని పైపు మూతి వదిలేస్తారు. లోపల లైను కలిపేది మాత్రం డబ్బు కట్టినవాళ్లకే. మీరు ఎంత మంచి కుళాయి బిగించినా, వెనక లైను లేకపోతే నీళ్లెక్కడివి? బోర్డూ అంతే. ఒకే డిజైన్‌తో చవక మోడలూ చేస్తారు, ఖరీదు మోడలూ చేస్తారు. చవకదాంట్లో కనెక్టర్‌తోపాటు వెనకున్న చిన్న చిన్న పార్టులూ వేయరు.

(జూమ్)

ఈ చిల్లుల వెనక జంటలుగా మెరుస్తున్న ఖాళీ ప్యాడ్లు చూశారా? సాటాలో ఏడు పిన్నులు. మూడు గ్రౌండ్, నాలుగు సిగ్నల్. ఆ నాలుగు లైన్లలోనూ 10 నానోఫారడ్ కెపాసిటర్ ఒక్కోటి ఉండాలి. అది లేదంటే గోడ లోపల పైపు ముక్క తెగి ఉన్నట్టే. యూఎస్‌బీ హెడర్ (బోర్డు మీద యూఎస్‌బీ వైరు గుచ్చే పిన్నులు) అయితే 5 వోల్టుల లైనులో ఫ్యూజు, డేటా లైన్లలో జీరో ఓమ్ రెసిస్టర్లు (లైను కలిపే వంతెన ముక్కలు) ఉన్నాయో లేదో చూడండి. మల్టీమీటర్ బీప్‌లో (లైను కలిసి ఉంటే మోగే సెట్టింగు) పెట్టి చిల్లు నుంచి ప్యాడ్ దాకా, అక్కణ్ణించి చిప్‌సెట్ (పోర్టుల్ని నడిపే పెద్ద చిప్) వైపు ట్రాక్ వెంబడే వెళ్లండి. ఈ పని చేయకుండా సోల్డరింగ్ ఐరన్ వేడి చేయడం నాకు అస్సలు నచ్చదు.

ఇంకా పైకెళ్తే ట్యాంకు, అంటే చిప్‌సెట్. అందులో ఆ పోర్టే లేకపోతే ఇక్కడితో ఆపేయండి. పోర్టు ఉండి కూడా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే బోర్డు ప్రోగ్రాం) ఆపేసి ఉండొచ్చు. అది వాల్వు కట్టేసినట్టు. ముందు బయోస్ సెట్టింగులు చూడండి.

లైనంతా బాగుంటే అప్పుడు సోల్డరింగ్. ఇక్కడ ఏడిపించేది గ్రౌండ్ పిన్నే. బోర్డు లోపలి పొరల్లో పరిచిన రాగి వేడంతా లాగేస్తుంది. 25 వాట్ల ఐరన్‌తో లెడ్ (సోల్డర్‌ని మనం అలాగే అంటాం) పైన ముద్ద కడుతుంది తప్ప చిల్లులోకి దిగదు. వెడల్పు బిట్ (ఐరన్ మొన), ఎక్కువ వాట్లు పెట్టండి. కింద నుంచి హాట్ ఎయిర్‌తో బోర్డుని కాస్త వేడెక్కించండి. 2006 జూలైలో యూరప్‌లో సీసం మీద ఆంక్షలు వచ్చాక బోర్డులు ఎక్కువగా సీసం లేని సోల్డర్‌తోనే వస్తున్నాయి. అది కరగాలంటే సుమారు 217 డిగ్రీలు కావాలి. మన 63/37 లెడ్ (63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం) 183కే కరుగుతుంది. అందుకే పూడిపోయిన చిల్లులో కొంచెం మన లెడ్ కలిపి, కరిగాక సక్కర్‌తో (కరిగిన లెడ్ పీల్చే పంపు) లాగేస్తే సులువు.

బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఇళ్లలో ఉన్న బోర్డులైతే ఉప్పుగాలికి ప్యాడ్లు నల్లబడి ఉండొచ్చు. ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి ఫ్లక్స్ (లెడ్ పట్టడానికి రాసే జిగురు) రాయకపోతే లెడ్ సరిగా అంటుకోదు.

టైమైపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. ముందు మూల పిన్ను ఒక్కటి అంటించి, కనెక్టర్ నిటారుగా ఉందో చూసి మిగతావి చేయండి. వేడి పిన్నుకీ ప్యాడ్‌కీ కలిపి తగలాలి. లెడ్‌ని వాటికి అందించండి, బిట్ మీద కరిగించి మోసుకురాకండి. ఫ్లక్స్ తుడిచేయండి. యూఎస్‌బీ అయితే పవర్ ఇచ్చే ముందు 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ షార్ట్ ఉందేమో చూడండి. తర్వాత పోయినా పర్లేదనుకునే పాత పెన్‌డ్రైవ్, సాటా అయితే అలాంటి పాత హార్డ్ డిస్క్ పెట్టి చూడండి. ఫొటోలున్న హార్డ్ డిస్క్ మాత్రం ఇప్పుడే పెట్టకండి.