క్లేలాక్, మోరా, హో: రాత్రి ఎక్కడ హాయిగా గడుస్తుంది?

నమస్కారం. సియాటిల్ చుట్టుపక్కల ఉండే మన కుటుంబాల్లో వేసవి వచ్చిందంటే ఒకటే చర్చ, ఈసారి క్యాంపింగ్‌కు ఎక్కడికి వెళ్దామని. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు, పిల్లలకు సెలవులు. అడవీ చూడాలి, సముద్రమూ చూడాలి. రెండూ ఒకే ప్రయాణంలో కుదిరే చోటు ఒలింపిక్ నేషనల్ పార్కు. దాని పడమటి వైపున్న మూడు క్యాంప్‌గ్రౌండ్ల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. సముద్రం గట్టు మీద క్లేలాక్, సముద్రానికి కాస్త లోపలగా నది పక్కన మోరా, వర్షారణ్యం మధ్యలో హో.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట. ఫొటో చూసి క్యాంప్‌గ్రౌండ్ ఎంచుకోకండి. పగలు ఎలాగూ బీచ్‌లోనో కాలిబాటల మీదో తిరుగుతూ ఉంటాం. క్యాంప్‌గ్రౌండ్‌లో మనం గడిపేది రాత్రి. గాలి ఎటు నుంచి కొడుతుంది, నేల ఎంత చెమ్మగా ఉంటుంది, అర్ధరాత్రి అమ్మ లేస్తే మరుగుదొడ్డి ఎంత దూరం, తీసుకెళ్లే బండి ఆ సైటులో పడుతుందా? నేను చూసేవి ఇవే.

మొదట క్లేలాక్. అందరికీ ఇదే కావాలి, ఎందుకో వెళ్తే తెలుస్తుంది. 101 హైవే పక్కనే, పసిఫిక్‌ను ఆనుకుని ఉన్న ఎత్తైన గట్టు మీద దాదాపు 170 సైట్లు. వేసవి రోజులకు రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో ఆరు నెలల ముందే రిజర్వేషన్లు తెరుస్తారు. గట్టు అంచున ఉన్న సైట్లు తెరిచీ తెరవగానే అయిపోతాయి. దొరకలేదని దిగులు పడకండి. టెంటు వేసుకునేవారికి ఆ అంచు సైట్లు వద్దనే చెబుతాను. అక్కడి చెట్లను చూడండి. సముద్రం వైపు కొమ్మలు పొట్టిగా, ఎండిపోయి ఉంటాయి, చెట్టంతా ఒడ్డు లోపలి వైపుకు ఒరిగి ఉంటుంది. గాలి ఎటు నుంచి వస్తుందో, ఎంత జోరుగా వస్తుందో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. రాత్రంతా టెంటు గుడ్డ టపటపా కొట్టుకుంటూ ఉంటే పక్కనే సముద్రం ఉన్నా నిద్ర పట్టదు. రెండు వరుసలు లోపలికి తీసుకుంటే పొదలు, స్ప్రూస్ చెట్లు గాలిని ఆపుతాయి. అలల హోరు మాత్రం చక్కగా వినిపిస్తుంది.

జులై, ఆగస్టుల్లో తెల్లవారేసరికి సముద్రం మీద నుంచి పొగమంచు కమ్ముకొస్తుంది. వాన పడకపోయినా స్ప్రూస్ ఆకుల చివరల నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంటాయి. కొమ్మల కింద టెంటు వేస్తే ఆ చప్పుడుకే మెలకువ వస్తుంది. తలెత్తి పైన ఏముందో చూసుకుని, కొమ్మలు తక్కువగా ఉన్న చోట వేసుకోండి.

అదే ఆర్వీ, అంటే లోపలే వండుకుని పడుకునే బండి అయితే అంచు సైటు బ్రహ్మాండంగా ఉంటుంది. గాలి బయటే ఉంటుంది, కిటికీలోంచి సూర్యాస్తమయం కనిపిస్తుంది. జూన్ చివర్లో రాత్రి తొమ్మిది దాటితే గానీ పొద్దు గుంకదు. చిక్కంతా బండి పొడవుతోనే. ఈ మూడు చోట్లా చాలా సైట్లు 21 అడుగులకు మించిన బండికి సరిపోవు. 35 అడుగుల బండి పట్టే సైట్లు క్లేలాక్‌లోనూ మోరాలోనూ కొన్నే ఉన్నాయి. అద్దెకు దొరికే ఆర్వీలు చాలావరకు 25 నుంచి 30 అడుగులు ఉంటాయి. కాబట్టి వరస మార్చండి. ముందు సైటు ఖాయం చేసుకోండి, ఆ సైటు వివరాల్లో రాసిన పొడవు చూసి అప్పుడు బండి మాట్లాడుకోండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ మూడింట్లో ఎక్కడా కరెంటు ప్లగ్గు ఉండదు, సైటుకు నీళ్ల గొట్టం ఉండదు, స్నానాల గదులు ఉండవు. జనరేటర్ వేయడానికి వేళలు ఉన్నాయి, ఎప్పుడు పడితే అప్పుడు కుదరదు. అంటే రైస్ కుక్కర్‌ను నమ్ముకుని బయల్దేరితే రాత్రికి అన్నం ఉండదు. గ్యాస్ పొయ్యి మీద పెట్టే చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్లండి. ఆర్వీలో మంచినీళ్ల ట్యాంకు నింపుకునే వెళ్లండి. గిన్నెలు కడిగిన నీళ్ల ట్యాంకు అన్నిటికన్నా ముందు నిండుతుంది, అది గుర్తుంచుకోండి. కరెంటు, నీళ్లు, స్నానం తప్పనిసరి అనుకుంటే ఫోర్క్స్ ఊళ్లో ప్రైవేటు ఆర్వీ పార్కులు ఉన్నాయి. అక్కడి నుంచి మోరా దగ్గరి రియాల్టో బీచ్ దాదాపు 14 మైళ్లు, హో దాదాపు 30 మైళ్లు. పెద్దవాళ్లతో వెళ్లేవారికి అది చాలా మంచి ఏర్పాటు. నేల మీద పడుకోలేని అమ్మానాన్నలకు క్లేలాక్ లాడ్జిలో గది తీసుకుని, మీరు పిల్లలతో దగ్గర్లోని క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండొచ్చు.

క్లేలాక్ నిండిపోతే మూడు మైళ్ల దక్షిణాన సౌత్ బీచ్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. రిజర్వేషన్ లేదు, ముందు వచ్చినవారికే సైటు. తాగునీళ్లు దొరకవు, చెట్ల నీడ కూడా పెద్దగా ఉండదు. ఒక రాత్రికి సరే.

ఇప్పుడు మోరా. మూడింట్లో నాకు నచ్చింది ఇదే. 94 సైట్లు, ఆకాశాన్నంటే చెట్లు, సైటుకూ సైటుకూ మధ్య నడుమెత్తు ఫెర్న్ మొక్కలు. పక్క సైటువాళ్లు మాట్లాడుకుంటుంటే వినిపిస్తుందేమో గానీ కనిపించరు. ఏళ్ల తరబడి రాలిన ఆకులతో నేల మెత్తగా ఉంటుంది. టెంటు మేకు చేత్తో నొక్కితే దిగుతుంది, అందుకే గాలికి ఊడిపోకుండా పొడవాటి మేకులు తీసుకెళ్లాలి. పక్కనే క్విలయూట్ నది. రియాల్టో బీచ్ రెండు మైళ్ల లోపే.

రియాల్టోలో ఇసుక తక్కువ, నున్నటి గులకరాళ్లు ఎక్కువ. ఉత్తరంగా ఒకటిన్నర మైలు నడిస్తే హోల్ ఇన్ ద వాల్ అనే రాతి తోరణం వస్తుంది. అలలు దాని గుండా తొలిచేసిన దారి అది. ఆటు సమయంలోనే అక్కడికి చేరాలి, పోటు మొదలయ్యేలోగా వెనక్కి తిరగాలి. ఆటుపోట్ల వేళలు బయల్దేరే ముందే ఫోనులో దాచుకోండి, అక్కడ సిగ్నల్ అందదు. ఒడ్డున కొట్టుకొచ్చిన పెద్ద పెద్ద దుంగలు ఉంటాయి, పిల్లలు ఎక్కి ఆడుకోవాలని చూస్తారు. దయచేసి అలలకు అందే దుంగల మీదికి ఎక్కనివ్వకండి. టన్నుల బరువున్న దుంగను కూడా అల ఇట్టే పైకి లేపుతుంది. దాని కింద పడి ప్రాణాలు పోయిన వాళ్లున్నారు. నది ముఖద్వారం దగ్గర కనిపించే జేమ్స్ ద్వీపం క్విలయూట్ తెగవారికి పవిత్రమైనది. దాన్ని దూరం నుంచే చూడాలి.

ఇక హో. ఇక్కడ ఏడాదికి సుమారు 140 అంగుళాల వర్షం కురుస్తుంది. అందులో ఎక్కువ భాగం అక్టోబరు, ఏప్రిల్ మధ్యలోనే. 2024 డిసెంబరులో ఇక్కడికి వచ్చే ఒకే ఒక్క రోడ్డు వరదకు కోసుకుపోతే 2025 మే నెలలో గానీ మళ్లీ తెరవలేదు. కాబట్టి బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్‌లో రోడ్డు సంగతి చూసుకోవడం తప్పనిసరి. ఇక్కడ 72 సైట్లు. హిమానీనదాలు అరగదీసిన రాతిపిండితో హో నది పాలు కలిపినట్టు ఉంటుంది.

హోలో రాత్రి ఉండటానికి ఒక బలమైన కారణం ఉంది. వేసవిలో పగలు వచ్చేవారి కార్లు గేటు దగ్గర గంటల తరబడి బారులు తీరతాయి. లోపల టెంటు వేసుకున్నవారు పొద్దున్నే లేచి, మైలు కూడా లేని హాల్ ఆఫ్ మోసెస్ బాటలో ఎవరూ లేనప్పుడు నడవొచ్చు. మేపుల్ కొమ్మల నుంచి పచ్చటి నాచు జడలు జడలుగా వేలాడుతూ ఉంటుంది. బాట దిగి నాచు మీద కాలు పెట్టకండి. రూజ్‌వెల్ట్ ఎల్క్‌లు అనే పెద్ద దుప్పులు ఒక్కోసారి క్యాంప్‌గ్రౌండ్‌లోకే మేతకు వస్తాయి. ఈ ప్రాంతానికి 1909లో తొలిసారి రక్షణ దొరికింది వాటి కోసమే, నేషనల్ పార్కు అయింది 1938లో. కనీసం 50 గజాల దూరం పాటించండి, సెప్టెంబరులో మగవాటి దరిదాపుల్లోకి వెళ్లకండి.

టెంటు కింద పరిచే పట్టా అంచులు టెంటు బయటికి కనిపించకూడదు. కనిపిస్తే వాన నీళ్లు పట్టా మీద పడి, నేరుగా మీ పరుపు కిందికి చేరతాయి. అంచులు లోపలికి మడవండి. తడిసిన బట్టలు ఇక్కడ ఆరవు, అదనంగా ఒక జత మేజోళ్లు పొడి సంచిలో ఉంచుకోండి.

చివరగా తిండి సంగతి. ఇది నాకు చాలా ముఖ్యమైన విషయం. మన పోపు వాసన అడవంతా వెళ్తుంది. ఆవకాయ సీసా, పెరుగు డబ్బా, కడగని గిన్నెలు అన్నీ పడుకునే ముందు కారులోకి వెళ్లాలి. ఎలుగుబంట్లు, రకూన్లు వస్తాయని అందరూ చెబుతారు. మెతుకుల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఈ తీరంలో మార్బుల్డ్ మర్రెలెట్ అనే చిన్న సముద్రపు పక్షి ఉంది. పగలు సముద్రంలో చేపలు పట్టుకుంటుంది, గూడు మాత్రం ఇలాంటి పాత అడవుల్లో, నాచు పట్టిన పెద్ద కొమ్మ మీద. పెట్టేది ఒక్కటే గుడ్డు. మన బల్ల కింద రాలిన మెతుకుల కోసం కాకులు, జే పక్షులు గుంపులుగా చేరతాయి. చేరినవి ఆ గుడ్డును కూడా తినేస్తాయి. అందుకే తిన్న చోట మెతుకు మిగలకుండా ఏరేయండి, పిల్లల చేత కూడా ఏరించండి.

మూడు క్యాంప్‌గ్రౌండ్లూ సాధారణంగా ఏడాది పొడవునా తెరిచే ఉంటాయి. టెంటు, చిన్న పిల్లలు అయితే మోరా. 21 అడుగుల లోపు ఆర్వీ, సముద్రం కావాలనుకుంటే క్లేలాక్. చెమ్మను ఓర్చుకోగలిగి, తెల్లవారుజామున లేవగలిగితే ఒక్క రాత్రి హో. మీ బండి పొడవు, వెళ్లే నెల, ఎంతమంది అనేది కింద రాయండి, ఏ సైటు కుదురుతుందో చూసి చెబుతాను. వచ్చే వీడియోలో ఇదే పార్కులోని సోల్ డక్ క్యాంప్‌గ్రౌండ్.