రెండో కొండ కూడా ఎక్కండి

శ్రోతలకు నమస్కారం. బౌద్ధం ఆనవాళ్లు చూడాలంటే విశాఖవాళ్లు ముందు భీమిలి రోడ్డు పడతారు. తొట్లకొండ, బావికొండ, పక్కనే సముద్రం. బాగానే ఉంటుంది. నేను మాత్రం మిమ్మల్ని ఇవాళ అనకాపల్లి వైపు పంపిద్దామనుకుంటున్నాను. పట్నం పక్కనే శంకరం అని ఒక ఊరు. చుట్టూ వరి చేలు, చెరకు తోటలు, తాటిచెట్లు. పక్కపక్కనే రెండు కొండలు: బొజ్జన్నకొండ, లింగాలకొండ.

బొజ్జన్నకొండ చాలామంది చూసే ఉంటారు. పెద్ద గుహలో 16 రాతి స్తంభాలు, నడుమ స్తూపం, అంటే బౌద్ధులు పూజించే గుమ్మటం లాంటి నిర్మాణం. 20వ శతాబ్దం మొదట్లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. అందరూ ఫొటోలు దిగుతారు, మెట్లు దిగుతారు, ఆటో ఎక్కేస్తారు. పక్క కొండ ఎక్కరు! నా బాధంతా అదే.

లింగాలకొండ మీద ఏముందంటే, స్తూపాలు. వరసలు వరసలుగా, చిన్నవీ పెద్దవీ, బోర్లించిన కుండల్లా. చాలా చోట్ల స్తూపమంటే ఇటుక మీద ఇటుక పేర్చి కట్టినది. ఇక్కడ కట్టింది కాదు, చెక్కింది. కొండరాయినే తొలిచారు. అక్కర్లేని రాయి తీసేస్తూ పోతే మిగిలిందే స్తూపం. ఇటుక పగిలితే ఇంకోటి పెట్టొచ్చు. ఇక్కడ ఉలి జారితే అంతే. అలా ఒకటి కాదు, రెండు కాదు, కొండ పొడవునా చెక్కారు. దగ్గరికెళ్లి చూడండి, వానలకు అంచులు అరిగిపోయినా గుండ్రనితనం చెడలేదు.

ఒకప్పుడు కనుమ నాడు ఊళ్లవాళ్లు బొజ్జన్నకొండకు వచ్చి, రాక్షసుడి పొట్ట అనుకుని అక్కడి ఒక ఉబ్బెత్తు రాతి మీద రాళ్లు రువ్వేవారు. ఆ అలవాటు మాన్పించారు. కనుమ తీర్థం మాత్రం మానలేదు. జనం రావాల్సిందే కదా!

ఇక అసలు మాట. పొద్దున్నే అనకాపల్లి బస్సెక్కండి, అక్కణ్నుంచి ఆటో. ముందు లింగాలకొండ ఎక్కండి. ముందు లింగాలకొండే! అక్కడ ఎండకు తల దాచుకోవడం కష్టం. ఎండ ముదిరే వేళకి బొజ్జన్నకొండకు వస్తే గుహల్లో నీడ ఉంటుంది. మంచినీళ్లు వెంట ఉంచుకోండి. ఫొటో కోసం పిల్లల్ని స్తూపాల మీదికి మాత్రం ఎక్కించకండి.